కాకిబంగారం, కందకాలు

మా అవ్వ వాళ్ళది గూడూరు దగ్గర పల్లె. సెలవులకి వెళ్తే, వాన వెలిశాక దారి పక్క మట్టిలో మెరిసే రేకులు ఏరుకొచ్చేవాణ్ణి. "కాకిబంగారం రా అబ్బయా, దాంతో ఏమొస్తాది!" అనేది అవ్వ. పెళ్లికి ముందు మైకా షెడ్డులో కూలికి పోయిన మనిషి. రోజంతా కూర్చుని చిన్న కత్తితో దిమ్మల్ని పొరలు పొరలుగా చీల్చడం పని. అవన్నీ యాడికి పోయేవని అడిగితే "ఓడెక్కి సీమకి" అనేది. అంతకుమించి ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఈమధ్య మొదటి ప్రపంచ యుద్ధం గురించి చదువుతుంటే ఆ మాట గుర్తొచ్చింది.

ఉత్తర సముద్రం నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు దాకా దాదాపు 700 కిలోమీటర్ల కందకాలు. వాటిలో సైనికుడి రోజు సినిమాల్లోలా ఉండదు. తెల్లవారుజామున, మళ్ళీ పొద్దుగూకే వేళ అందరూ తుపాకులు పట్టుకుని నిలబడాలి, ఆ మసక వెలుతురులోనే దాడి జరుగుతుందని భయం. పగలు తల ఎత్తకూడదు, పెరిస్కోపులోంచే చూడాలి. అసలు పనంతా రాత్రే. తిండి మోసుకురావడం, తెగిన ముళ్ళకంచె బాగుచేయడం, కూలిన గోడ మళ్ళీ తవ్వుకోవడం. ఎలుకలు, పేలు, బురద. రోజుల తరబడి తడి బూట్లలో నాని పాదాలు కుళ్ళిపోయేవి. 1914 సెప్టెంబరు చివర్లో మార్సెయిల్స్‌లో దిగిన భారతీయ సైనికుల్లో చాలామంది ఈ చలిలోకి నూలు బట్టలతోనే వెళ్ళారు.

వాళ్ళ ఉత్తరాల్ని సెన్సారు వాళ్ళు ఇంగ్లీషులోకి మార్చి దాచబట్టే ఇవాళ చదవగలుగుతున్నాం. తెలుగు గొంతు కోసం వెతుకుతూ చదివాను. ఎక్కువగా పంజాబీలు, గఢ్వాలీలు, పఠాన్లే. కారణముంది. 1881-85 మధ్య మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ లాంటివాళ్ళు, దక్షిణాది వాళ్ళు యుద్ధానికి పనికిరారని, 'వీరజాతులు' ఉత్తరాదివేనని తేల్చేశారు. మద్రాసు పటాలాలు తగ్గిపోయాయి. పేరు నిలబెట్టుకున్నది బెంగళూరులోని మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్. అందులో తమిళులతోపాటు తెలుగువాళ్ళూ ఉండేవారు. తవ్వడం, వంతెనలు కట్టడం, పేల్చడం వాళ్ళ పని. ఆ పటాలానికి చెందిన కెప్టెన్ మెక్లింటాక్ 1912లో తయారుచేసిందే 'బెంగళూర్ టార్పెడో'. గొట్టాల్లో మందు కూరి, ఒకదానికొకటి బిగించి, ముళ్ళకంచె కిందకి తోసి పేలిస్తే మనుషులు దూరేంత దారి పడుతుంది. రెండో యుద్ధంలో నార్మండీ తీరంలో కూడా వాడారు.

ఇక మన వైపు సముద్రంలో ఆ యుద్ధం కనబడింది 1914 సెప్టెంబరు 22 రాత్రి. జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుళ్ళు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టింది. జనం ఊరొదిలి పారిపోయారు. తమిళంలో 'ఎమ్డన్' అంటే గడుసువాడు అనే మాట మిగిలిపోయింది.

ఆ కథ చాలామందికి తెలుసు. మైకా కథే తెలీదు. మైకా వేడికి తట్టుకుంటుంది, కరెంటుని పోనివ్వదు. అందుకే విమాన ఇంజిన్ల స్పార్క్ ప్లగ్గుల్లో, వైర్‌లెస్ కండెన్సర్లలో దాన్ని వాడారు. కందకాల పైన ఎగురుతూ, ఫిరంగి గుండు ఎక్కడ పడిందో వైర్‌లెస్‌లో చెప్పేవి ఆ విమానాలు. రేకు మైకా ఎక్కువగా వెళ్ళింది మన దేశం నుంచే. ఉత్తరాన కోడర్మా, ఇక్కడ గూడూరు, రాపూరు, సైదాపురం. నెల్లూరు రేకుది కాస్త ఆకుపచ్చ చాయ. యుద్ధం రాగానే దాని ఎగుమతి మీద బ్రిటిష్ ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది.

అవ్వ పనిచేసింది తర్వాతి యుద్ధకాలంలో. మొదటి యుద్ధానికి అదే కత్తి పట్టింది ఆమె ముందు తరం. ఇండియా గేట్ మీద 13 వేలకి పైగా పేర్లు చెక్కారు. మైకా షెడ్ల కూలి చిట్టాలు ఎవరు దాస్తారు?

"దాంతో ఏమొస్తాది" అన్నదానికి ఇప్పుడైతే నా దగ్గర జవాబుంది. ఎక్కడో ఫ్రాన్సులో బురదలో నిలబడ్డ ఒక మనిషి మీదకి ఫిరంగి గురి సరిగ్గా కుదురుతుంది అవ్వా. ఆమె బతికుంటే ఈ మాట చెప్పేవాణ్ణా? చెప్పి ఉండను.