పదహారణాల బేస్ ఫోర్

పూర్ణాంకాన్ని కోరిన బేస్‌లో టెక్స్ట్‌గా మార్చే ఫంక్షన్ రాయకుండా మన ఫీల్డులోకి వచ్చినవాళ్ళు తక్కువ. భాగించు, శేషం దాచుకో, భాగఫలం సున్నా అయ్యేదాకా తిప్పు, చివర్లో స్ట్రింగ్ తిరగేయ్. మధురవాడ కొండ మీద ఐటీ సెజ్‌లో కూర్చుని ఆక్టల్, హెక్సా అంటూ తెగ మాట్లాడతాం గానీ, మన కరణాలు, షావుకార్లు భిన్నాలు రాసింది బేస్ ఫోర్‌లో అని ఎంతమందికి తెలుసు?

పూర్ణాంకాలు మామూలు దశాంశమే. ఆ తర్వాత మొదటి స్థానం పావు, రెండోది వీసం (పదహారో వంతు), మూడోది కాణీ (అరవై నాలుగో వంతు). పావు స్థానంలో నిలువు గీతలు ౹ ౺ ౻, వీసం స్థానంలో అడ్డగీతలు ౼ ౽ ౾, కాణీకి మళ్ళీ నిలువు. ఎందుకలా? అన్నీ నిలువైతే రెండు గీతల పక్కన ఒకటి పడితే మూడని చదివేస్తారు కదా. చైనావాళ్ళ లెక్కల పుల్లల్లోనూ ఇదే ఉపాయం. సున్నాలూ రెండే: వీసానికి మామూలు ౦, పావుకి, కాణీకి హళ్ళి ౸. "హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న" అనే సామెతలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి చూడండి!

భిన్నానికి భాగహారం కాదు, గుణకారం. పదకొండణాలంటే రూపాయిలో 11/16. నాలుగుతో గుణిస్తే 2.75, రెండు తీసి పక్కన పెట్టాం. మిగిలిన 0.75ని మళ్ళీ గుణిస్తే 3. అంటే ౺౾, అర మీద మూడు వీసాలు. రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు పైసలు కాబట్టి కాణీ అంటే సరిగ్గా ఒక పాత పైసా. లెక్క తెగేది.

1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలొచ్చాయి. పది పైసలు బేస్ ఫోర్‌లో రాయబోతే 0.0121212... అలా పోతూనే ఉంటుంది. ఫ్లోట్‌లో 0.1 మనల్ని ఏడిపించేదీ ఇందుకే. 1984లో కరణాల వ్యవస్థా రద్దయింది. ఇక ఈ గీతలు చదవగలిగేవాళ్ళు ఎక్కడ మిగులుతారు?

2008లో యూనికోడ్ 5.1లోకి ఇవి ఎక్కాయి. నాగార్జున వెన్న ప్రతిపాదన పుణ్యం. అయితే అక్కడ ౹ విలువ 1 అనే ఉంది, పావు అని కాదు. స్థానం మన ప్రోగ్రామే చూసుకోవాలి. తాతల నాటి పద్దుల పుస్తకం స్కాన్ చేసి టెక్స్ట్‌గా మార్చే పని ఎవరైనా పెట్టుకుంటే ముందు ఇది సరిచేసుకోండి. లేకపోతే పావలా అప్పు రూపాయై కూర్చుంటుంది.