ఎల్లలు దాటిన ఫిర్యాదు: చోడవరమునుండి విశాఖకు బోయి చదువు విద్యార్థుల రక్షణము

విశ్వవిద్యాలయ ప్రాంగణమనగా ప్రహరీగోడలోపలి స్థలమేయని లోకము తలంచును. చోడవరము చుట్టుపట్ల గ్రామములనుండి దినదినము విశాఖపట్టణమునకు బోయి చదువుకొను యువతీయువకుల జీవితమును దగ్గరనుండి పరిశీలించినవారికి మాత్రము, ఆ ప్రాంగణము తెల్లవారుజామున బస్సు కాంప్లెక్సులో ప్రారంభమై, తరగతిని, ప్రయోగశాలను, అద్దెగదిని చుట్టి, మరల రాత్రి ఊరి మొగదల దిగువరకు వ్యాపించియున్నదని తోపకమానదు. ఇట్టి విద్యార్థికి అపకారము జరిగినప్పుడు ఫిర్యాదు ఎచ్చట, ఎట్లు చేయవలెననునదియు, చేయవలసినవారు చేయకుండుటకు నిజమైన హేతువేదియనునదియు ఈ వ్యాసమునకు విషయములు. చట్టమునందలి లోపముకంటె ఇంటివారి భయమును, కళాశాలవారి పరువును ఫిర్యాదునకు పెద్ద ఆటంకములని నా నిశ్చితాభిప్రాయము.

భీమునిపట్టణమునుండి నర్సీపట్టణమునకు బోవు బి.ఎన్. రోడ్డు పెందుర్తిని, సబ్బవరమును, చోడవరమును కలుపుచున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన అనకాపల్లి జిల్లా యేర్పడుటతో, అంతవరకు విశాఖపట్టణము జిల్లాలోనున్న చోడవరము క్రొత్త జిల్లాలోనికి బోయినది. పెద్దచదువులు మాత్రము పాత జిల్లాలోనే నిలిచినవి. ఉదయము చోడవరము స్టేషను పరిధిలో బస్సెక్కిన విద్యార్థిని, జిల్లా ఎస్.పి. అధికారమును దాటి నగర పోలీసు కమిషనరు అధికారములోనికి బోయి, సాయంకాలము అదే క్రమమున వెనుకకు వచ్చును. గోవాడ చక్కెర కర్మాగారమున క్రషింగు సాగిన శీతకాలములందు చెఱకు బండ్లును ట్రాక్టర్లును రోడ్డువెంట బారులు తీరుటయు, ఆరుగంటలకు చేరవలసిన బస్సు చీకటి ముదిరినపిమ్మట చేరుటయు ఈ ప్రాంతమువారికి క్రొత్త గాదు. అట్టి క్రిక్కిరిసిన బస్సులో నొకడు అసభ్యముగ ప్రవర్తించినచో, ఆ నేరము జరిగినది సబ్బవరమునకు ఇవతలనా, అవతలనా యని భయకంపితయైన బాలిక యెట్లు చెప్పగలదు? "మా పరిధి కాదు, అక్కడికి వెళ్లండమ్మా" యను మాట విని వెనుదిరిగిన తండ్రులెందరో గలరు.

ఈ చిక్కునకు చట్టము సమాధానము చెప్పియేయున్నది. నేరము జరిగిన స్థలముతో నిమిత్తము లేక ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు నమోదు చేసి, తరువాత సంబంధిత స్టేషనునకు పంపు పద్ధతికి జీరో ఎఫ్.ఐ.ఆర్. అని పేరు. లైంగిక నేరముల చట్టములను పరిశీలించిన జస్టిస్ వర్మ సంఘము 2013లో ఇచ్చిన నివేదిక తరువాత ఇది ప్రచారమునకు వచ్చినది. ఆ సంవత్సరమే నవంబరు 12న లలితకుమారి వ్యాజ్యమున సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, విచారణార్హమైన నేరమును గూర్చిన సమాచారమందినచో ఎఫ్.ఐ.ఆర్. నమోదు విధిగ చేయవలెనని తీర్పు చెప్పినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను జీరో ఎఫ్.ఐ.ఆర్. పద్ధతికి శాసనరూపము నొసగినది. నోటిమాటగానైనను, ఎలక్ట్రానిక్ సాధనముద్వారానైనను సమాచార మీయవచ్చును. ఎలక్ట్రానిక్ రూపమున నిచ్చినచో మూడు దినములలో సంతకము చేయవలెను. నమోదైన ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితముగ పుచ్చుకొనవచ్చును. స్టేషనువారు నిరాకరించినచో ఎస్.పి. కిని, పిమ్మట మేజిస్ట్రేటునకును విన్నవించుకొను మార్గము గలదు. లైంగిక నేరముల విషయమున ఫిర్యాదు నమోదు చేయని ప్రభుత్వోద్యోగికి భారతీయ న్యాయసంహిత 199వ సెక్షను క్రింద ఆరు మాసములకు తక్కువ కాని కఠిన కారాగారశిక్ష విధింపబడును. చోడవరము బాలిక చోడవరములోనే ఫిర్యాదు చేయవచ్చుననుట యిందలి సారాంశము.

ప్రాంగణ మననేమి యను ప్రశ్నకును నిబంధనలు లోకాభిప్రాయముకంటె ఉదారముగ సమాధానము చెప్పుచున్నవి. ఆంధ్రప్రదేశ్ ర్యాగింగు నిషేధ చట్టము, 1997, విద్యాసంస్థ లోపలనేగాక వెలుపలను ర్యాగింగును నిషేధించినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., 2009లో చేసిన నిబంధనలు ప్రభుత్వ, ప్రైవేటు వాహనములలో విద్యార్థుల ప్రయాణమునకుగూడ వర్తించును. సంస్థాధిపతి సమాచారమందిన ఇరువదినాలుగు గంటలలో ఎఫ్.ఐ.ఆర్. దాఖలు చేయించవలెనని అవి శాసించుచున్నవి. లైంగిక వేధింపుల విషయమై అదే సంఘము 2015లో చేసిన నిబంధనలు ప్రాంగణమును నిర్వచించుచు, సంస్థకు వచ్చిపోవుటకై కల్పించిన వాహనములను అందులో చేర్చినవి. ఆర్.టి.సి. బస్సు ఈ మాటక్రిందికి వచ్చునా యనుట తర్కింపవలసిన విషయము. నా దృష్టిలో విద్యార్థి పాసు ఇచ్చి నడుపు బస్సు వచ్చితీరవలెను.

ఇంత యుండియు ఫిర్యాదులేల రావు? 2024 మార్చి నెలాఖరున, విశాఖపట్టణమున పాలిటెక్నిక్ చదువుచున్న అనకాపల్లి జిల్లా బాలిక యొకతె తన ప్రాణములు తీసికొనుటకు ముందు ఇంటివారికి సందేశము పంపినది; తాను లైంగిక వేధింపునకు గురియైనట్లును, ఛాయాచిత్రములతో బెదిరించుచుండుటచే ఎవరికిని చెప్పుకొనలేకపోయినట్లును అందు తెలిపినది. ఆ బాలికకు పదునెనిమిదేండ్లు నిండలేదు. అట్టివారిని లైంగిక నేరములనుండి కాపాడు పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము నేరము తెలిసిన ప్రతివాడును పోలీసులకు తెలుపవలసినదే. క్రిందివారి నేరమును దాచిన సంస్థాధిపతికి ఒక సంవత్సరమువరకు శిక్ష గలదు. డిగ్రీ మొదటి సంవత్సరమున పదునేడేండ్లవారెందరో యుందురను సంగతి అధ్యాపకులు తరచు విస్మరింతురు.

ఆ బెదిరింపునకు బలము మన యిండ్లలోనుండియే వచ్చుచున్నది. "ఇంట్లో తెలిస్తే చదువు మానిపించేస్తారు" అను మాట ఈ ప్రాంతపు ఆడపిల్లల నోట తరచుగ విననగును. పల్లెనుండి మొదటిసారి పట్టణమునకు చదువబోయిన బాలికకు దోషికి పడు శిక్షకంటె తన బస్సు పాసు ఆగిపోవుననునదియే పెద్ద భయము. స్టేషను మెట్లెక్కిన పిల్లకు సంబంధములు రావనుకొను తండ్రి, నేరము చేసినవానికి తెలియకుండనే తోడ్పడుచున్నాడు. బాధితురాలి పేరు బయటపెట్టినవారికి న్యాయసంహిత 72వ సెక్షను రెండేండ్లవరకు శిక్ష విధించుచున్నదని ఆ తండ్రికి చెప్పినవారు లేరు.

భయముతో ముందుగ జరుగు పని ఫోనులోని సందేశములను తుడిచివేయుట. సాక్ష్యమంతయు దానితోనే పోవును. దానికి మారుగ వానిని తెరపటములుగ, అనగా స్క్రీన్‌షాట్లుగ, భద్రపరచి, జరిగిన వేళను, స్థలమును, చూచినవారి పేర్లను ఆ రాత్రియే యొక కాగితముపై వ్రాసియుంచవలెను. 2025 ఆగష్టు 15న స్త్రీశక్తి పథకము మొదలైనప్పటినుండి బస్సులో స్త్రీలకిచ్చు సున్నారుసుము టిక్కెట్టుపై తేదీయు వేళయు అచ్చుపడి యుండును. దిగగానే పారవేయు ఆ చీటియే, ఆ వేళ తానా బస్సులో నున్నాననుటకు ఒకానొకప్పుడు ఏకైక నిదర్శనము కావచ్చును.

ఇక లైంగిక వేధింపుల ఫిర్యాదులను విను కళాశాలల అంతర్గత సంఘమునకు మూడు మాసములలోపల ఫిర్యాదు చేయవలెను. తగిన కారణమున్నచో ఇంకొక మూడు మాసముల గడువు లభించును. బాధితురాలు అశక్తురాలైనచో స్నేహితురాలైనను చేయవచ్చును. వచ్చిన ఫిర్యాదుల సంఖ్య యేటేట యు.జి.సి.కి బోవునుగాని, బిడ్డను చేర్పించు తండ్రి కంటబడదు. అమెరికాలో అట్లు గాదు. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయ వసతిగృహమున హత్యకు గురియైన క్లెరీ యను విద్యార్థిని తలిదండ్రుల కృషిచే 1990లో వెలసిన క్లెరీ చట్టము, ప్రాంగణ నేరముల దైనందిన పట్టికను ఎవరడిగినను చూపవలెననియు, వార్షిక నివేదికను ప్రకటింపవలెననియు శాసించుచున్నది. చట్టమున్నంతమాత్రమున నేరములాగవు, 2007 డిసెంబరులో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయ నివాసములో ఇరువురు తెలుగు పరిశోధక విద్యార్థులు హతులైరి. అయినను అచ్చట అంకెలు దాగవు. మనచోట "మా కళాశాలలో ఒక్క ఫిర్యాదును లేదు" అనుట గొప్పగా చెలామణి యగుచున్నది; నాకది వినువారు లేరనుటకు గుర్తుగ కనబడును.

చోడవరము పరిసరముల కళాశాలల ప్రధానాచార్యులకు నా విన్నపమొక్కటి. ర్యాగింగు చేయబోమని విద్యార్థిచేతను తలిదండ్రులచేతను ఏటేట అఫిడవిట్టు తీసికొనుచునే యున్నారు. ఆ కాగితముతో అంతర్గత సంఘసభ్యుల పేర్లను, 112, 181, 1930, 1800-180-5522 అను సహాయ ఫోను సంఖ్యలను ముద్రించి యిండ్లకు పంపుడు. ఫిర్యాదు చేసినదను కారణమున మా పిల్లను చదువు మానిపింపబోమని తలిదండ్రులచేత అందొక వాక్యము వ్రాయించి, సంతకము పుచ్చుకొనుడు.