గంజ్ పేట గుమ్మం: ఆశ్రయానికి అండగా నిలిచినవాళ్ల చరిత్ర

దెబ్బలు తిన్న ఆడమనిషి అర్ధరాత్రి బిడ్డను చంకనేసుకొని ఇంట్లోంచి బయటపడితే ఎక్కడికి పోవాలి? ఆశ్రయ గృహాల చరిత్ర రాసేవాళ్లు ఈ ప్రశ్నకు జవాబును సాధారణంగా లండన్ నుంచి మొదలుపెడతారు. 1971లో అక్కడి చిజిక్ ప్రాంతంలో తెరిచిన ఇంటిని మొదటి ఆధునిక ఆశ్రయంగా చెబుతారు. ఆ ఇంటి విలువను తక్కువ చెయ్యనక్కర్లేదు. కానీ దానికి 108 ఏళ్ల ముందే, 1863లో, పూణే గంజ్ పేటలో ఒక మాలి కులపు దంపతులు తమ ఇంటి ఆవరణలోనే ఆడవాళ్లకు తలుపు తెరిచారు. అది భర్త చేతి దెబ్బల నుంచి పారిపోయి వచ్చినవాళ్ల కోసం పెట్టింది కాదు, గర్భవతులైన వితంతువుల కోసం పెట్టింది. అయినా ఆ ఆడవాళ్లు తప్పించుకొని వచ్చింది కూడా ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిన హింస నుంచే. అందుకే అది మన చర్చలోకి రావాలి.

జోతిరావు, సావిత్రిబాయి ఫూలేల పేర్లు ఇవాళ అందరికీ తెలుసు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల గురించి కాదు. ఒక ఆశ్రయం నిలబడాలంటే దాన్ని పెట్టినవాళ్లు ఒక్కరే చాలరు. చుట్టూ ఇంకా కొందరు ఉండాలి. చోటిచ్చినవాళ్లు, కాన్పు చేసినవాళ్లు, చూసి కూడా ఎవరికీ చెప్పనివాళ్లు, వెలివేతకు భయపడకుండా పిల్లనిచ్చినవాళ్లు ఉండాలి. వాళ్ల సంగతి చరిత్రలో ఎందుకు తక్కువగా కనిపిస్తుంది? వాళ్లను మనం ఎట్లా గౌరవించుకోవాలి? నా ప్రశ్నలు ఇవే.

1. ఆశ్రయం ఇచ్చినవాళ్లకు ఆశ్రయం ఇచ్చినదెవరు?

1848లో ఫూలేలు పూణేలో ఆడపిల్లల బడి పెట్టారు. శూద్రులకు, అతిశూద్రులకు చదువు చెప్పడం చూసి అగ్రవర్ణ సమాజం మండిపడింది. ఆ ఒత్తిడికి తట్టుకోలేక జోతిరావు తండ్రి గోవిందరావు 1849లో కొడుకునూ కోడలినీ ఇల్లు వదిలి పొమ్మన్నాడు. నిలువ నీడ లేని ఆ సమయంలో వాళ్లకు చోటిచ్చింది గంజ్ పేటలోని ఉస్మాన్ షేక్ కుటుంబం అని ఫూలే జీవిత చరిత్రలు చెబుతున్నాయి. తర్వాత ఎంతోమందికి నీడ అయినవాళ్లు ముందు తామే ఒక ముస్లిం ఇంటి నీడన నిలిచారన్నమాట. మన సంస్కరణ చరిత్రల్లో ఈ వరుస సరిగా కనిపించదు. అక్కడ సహాయం ఎప్పుడూ పైనుంచి కిందికే దిగుతుంది. ఇక్కడ మాత్రం పక్కింటి నుంచి పక్కింటికి నడిచింది.

ఆ కుటుంబానికి చెందిన ఫాతిమా షేక్ సావిత్రిబాయితో కలిసి పనిచేసింది. 1856 అక్టోబరులో జబ్బుపడి పుట్టింట్లో ఉన్న సావిత్రిబాయి, భర్తకు రాసిన ఉత్తరంలో ఫాతిమాను తలుచుకుంది. తాను లేకపోవడంతో పనిభారమంతా ఆమె మీదే పడి ఉంటుందనీ, అయినా ఆమె సణిగే మనిషి కాదనీ ఆ మాటల సారాంశం. 2025 జనవరిలో ఒక రచయిత, ఫాతిమా షేక్ అనే మనిషే లేదు, ఆ పాత్రను నేనే కల్పించాను అని ప్రకటించాడు. దానికి ఆ 1856 నాటి ఉత్తరమే జవాబు. సాయపడ్డవాళ్ల గురించి కాగితం మీద ఒకటి రెండు వాక్యాలే మిగులుతాయి. అంత కొంచెమే మిగిలితే, రేపు ఎవడో వచ్చి అసలు మనిషే లేదనగలడు. పేరు రాసి పెట్టుకోవడం మర్యాద కోసం మాత్రమే కాదని ఇక్కడే తెలుస్తుంది.

2. కాశీబాయి బావి

ఫూలేలు ఆ ఇల్లు ఎందుకు తెరిచారో జోతిరావే చెప్పాడు. బాల్యవివాహాల మీద, బలవంతపు వైధవ్యం మీద మలబారి లేవనెత్తిన చర్చకు స్పందిస్తూ 1884 డిసెంబరులో రాసిన లేఖలో ఆ సంగతి ఉంది. జోతిరావు స్నేహితుడు సదాశివ్ బల్లాళ్ గోవండే ఇంట్లో కాశీబాయి అనే బ్రాహ్మణ వితంతువు వంటమనిషిగా ఉండేది. పొరుగింటి శాస్త్రి ఒకాయన ఆమెను లొంగదీసుకున్నాడు. కడుపు పోగొట్టే మందులు పనిచెయ్యలేదు. బిడ్డ పుట్టాక, పరువు పోతుందన్న భయంతో ఆమె ఆ పసికందును చంపి ఇంటి వెనక బావిలో పడేసింది. పోలీసులు పట్టుకున్నారు. కోర్టు ఆమెకు యావజ్జీవ ద్వీపాంతర శిక్ష వేసింది.

ఆ తర్వాతే ఫూలేలు తమ ఆవరణలో బాలహత్యా ప్రతిబంధక గృహం పెట్టారు. పెట్టినట్లు ఊరంతా తెలిసేలా నోటీసులు అచ్చువేయించారు. ఎవరైనా వచ్చి గుట్టుగా కాన్పు చేయించుకోవచ్చు, బిడ్డను తీసుకుపోవచ్చు, వదిలి వెళ్లాలనుకుంటే వదిలి వెళ్లవచ్చు. అప్పటి నుంచి 1884 దాకా 35 మంది వితంతువులు అక్కడికి వచ్చి ప్రసవించారని ఆ లేఖలో జోతిరావు లెక్క చెప్పాడు. పుట్టిన బిడ్డల్లో బతికి ఉన్నవాళ్లు అయిదుగురే. మిగిలిన 30 మంది, తల్లులు కడుపు దాచుకోవడానికి తిన్న విషపు మందుల వల్ల చనిపోయారని ఆయన రాశాడు. ఆ ఇల్లు గొప్ప విజయం సాధించిందని ఎవరైనా ఉపన్యాసం చెబితే ఈ అంకె గుర్తుచెయ్యాలి. చాలామంది ఆలస్యంగా వచ్చారు. ఇంట్లో జరిగే హింస నుంచి బయటపడేవాళ్లు ఇప్పటికీ ఆలస్యంగానే వస్తారు.

ఇందులో దళిత బహుజన పాఠకులు గమనించాల్సింది ఇంకొకటుంది. ఈ ఆశ్రయం ఇచ్చింది శూద్రులు. పొందింది బ్రాహ్మణ స్త్రీలు. ఏ కులం వాళ్లు బడి నడిచినంతకాలం సావిత్రిబాయి మీద పేడ, మట్టి విసిరారో, ఆ కులం ఆడపిల్లకే సావిత్రిబాయి పురిటి మంచం వేసింది. దీన్ని దయ అంటే తక్కువ చేసినట్లే. కులాన్ని నిలబెట్టేది ఆడదాని శరీరం మీద పెట్టిన కాపలాయేనని వాళ్లు అర్థం చేసుకున్నారు. కులం మీద పోరాటం, వితంతువు వైపు నిలబడటం వాళ్లకు రెండు పనులు కావు.

ఇక నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. ఆ 35 కాన్పులు ఎవరు చేశారు? మంత్రసాని ఎవరు? రక్తం బట్టలు ఎవరు ఉతికారు? ఆ లేఖలో ఆ పేర్లు లేవు. మన తెలుగు పల్లెల్లో మంత్రసాని పని మాదిగ, మంగలి, చాకలి ఆడవాళ్ల చేతుల మీదే ఎక్కువగా నడిచింది. కాన్పు అయ్యేదాకా ఆమె కావాలి, అయ్యాక ఆమె తాకిందని ఇల్లు కడగాలి. పూణేలో ఎవరు చేశారో ఊహించి రాయను. కానీ 35 సార్లు గుట్టు బయటికి పొక్కనివ్వని ఒకరో ఇద్దరో ఆడవాళ్లు ఆ గుమ్మం దగ్గర ఉండి తీరాలి. వాళ్ల నోరు జారితే ఆ ఇల్లు ఒక్కరోజు కూడా నిలిచేది కాదు.

3. నాయిగావ్ నుంచి వచ్చిన ఇద్దరు

ఆశ్రయం అంటే గోడలు కావని చూపే ఉదాహరణ సావిత్రిబాయి 1868 ఆగస్టులో నాయిగావ్ నుంచి రాసిన మరో ఉత్తరంలో ఉంది. పంచాంగం చెప్పుకొంటూ ఊళ్లు తిరిగే గణేశ్ అనే బ్రాహ్మణ యువకుడు, శార్జా అనే మహర్ పిల్ల ప్రేమించుకున్నారు. ఆమె ఆరు నెలల గర్భిణి. ఊరివాళ్లు ఇద్దరినీ పట్టుకొని కొట్టి, ఊరేగిస్తూ, చంపుతామని బయలుదేరారు. సంగతి తెలిసి సావిత్రిబాయి పరుగెత్తింది. చంపితే ఇంగ్లీషువాళ్ల చట్టం ఏం చేస్తుందో చెప్పి బెదిరించి ఆపింది. ఆ ఇద్దరినీ పూణేకు, జోతిరావు దగ్గరికి పంపింది.

ఈ రోజు మనం కులదురహంకార హత్యలు అంటున్నవాటికి ఆనాడు ఒక ఆడమనిషి అడ్డం పడింది. శార్జాను కాపాడింది పూణేలోని ఇల్లు ఒక్కటే కాదు. అక్కడిదాకా ప్రాణాలతో చేరే దారి కూడా. ఆ దారిని తన పుట్టినూళ్లో, తన వాళ్ల ముందు నిలబడి సావిత్రిబాయి వేసింది. చట్టం పేరెత్తగలిగిన ఒక నోరు ఊళ్లో ఉండటం కూడా ఆశ్రయమే.

4. కత్తి పట్టనన్న మంగలివాళ్లు, పిల్లనిచ్చిన ససాణే

1874లో ఫూలేలు తమ ఆశ్రయంలో ఒక బ్రాహ్మణ వితంతువుకు పుట్టిన బిడ్డను దత్తత తీసుకొని యశ్వంత్ అని పేరు పెట్టారు. వితంతువు కొడుకని అతనికి పిల్లనివ్వడానికి జనం వెనకాడారు. 1889 ఫిబ్రవరిలో సత్యశోధక్ కార్యకర్త జ్ఞానోబా ససాణే తన కూతురు రాధనిచ్చి పెళ్లి చేశాడు. అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డకు తన బిడ్డనివ్వడం కన్నా ఆ ఆశ్రయానికి పెద్ద మద్దతు ఏముంటుంది? చందా ఇచ్చినవాడు రసీదు తీసుకొని ఇంటికి పోవచ్చు. ససాణే తన ఇంటినే పందెం పెట్టాడు.

1890లో బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే చొరవతో మంగలివాళ్లు సభ పెట్టి, ఇకమీదట వితంతువులకు గుండు గియ్యం అని తీర్మానించారు. లోఖండే మిల్లు కార్మికుల నాయకుడు, సత్యశోధకుడు. ఈ సంగతి విన్నప్పుడు మనవాళ్లు కొందరు నవ్వుతారు, మంగలివాళ్లకు ఇందులో పోయేదేముంది అంటారు. పోయేది కూలి. అగ్రవర్ణాల ఇళ్ల మీద ఆధారపడి బతికే కులం ఆ ఇళ్ల ఆచారానికి ఎదురు చెప్పడం చిన్న సాహసం కాదు. హింస చెయ్యడానికి పనిముట్టు కావాలి. ఆ పనిముట్టు పట్టిన చెయ్యి వెనక్కి తగ్గితే హింస సగం ఆగిపోతుంది.

1897 ప్లేగులో రోగుల సేవ చేస్తూ, ముంఢ్వా మహర్ వాడకు చెందిన ఒక పిల్లవాణ్ణి వీపున వేసుకొని యశ్వంత్ ఆసుపత్రికి మోసుకొచ్చి, ఆ జబ్బే సోకి సావిత్రిబాయి మార్చి 10న కన్నుమూసింది. ఆశ్రయంలో పుట్టిన బిడ్డ డాక్టరై, ఆ ప్లేగు ఆసుపత్రి నడిపాడు.

5. మన వైపు

తెలుగు నేల మీద 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించాడు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశాడు. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉంది. వంటవాళ్లూ నీళ్లవాళ్లూ మానేస్తే రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నీళ్లు మోసి వండి పెట్టిన సంగతి మాత్రం ఒక వాక్యంలో దాటిపోతుంది.

దళితవాడ ఆడవాళ్లకు ఇట్లాంటి ఇల్లు కూడా దొరకలేదు. 1985 జులైలో కారంచేడు మాదిగలు ప్రాణాలు అరచేత పెట్టుకొని చీరాల చేరినప్పుడు ఆశ్రయం అంటే ఏమిటో మన ఉద్యమానికి తెలిసింది. అక్కడ కొట్టినవాళ్లు అగ్రకులం వాళ్లు. మరి కొట్టినవాడు మన గుడిసెలోనే, మన కులంవాడే అయినప్పుడు? బయటికి చెబితే వాడ పరువు పోతుందన్నారు. ఉద్యమం చీలిపోతుందన్నారు. ఆ మౌనానికి ఖరీదు కట్టింది మన తల్లులే. దీన్ని ఒప్పుకోకుండా ఫూలే ఫోటోకు దండ వెయ్యడం సరికాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి వినిపించింది దీనికి ఇంకో రకం జవాబు. అక్షరాస్యత తరగతుల్లో కూచున్న కూలి ఆడవాళ్లు తాగొచ్చి కొట్టే మగవాడి గురించి, కూలి డబ్బులు మింగే సారా గురించి ఒకరికొకరు చెప్పుకున్నారు. వర్ధినేని రోశమ్మ వంటివాళ్లు ముందు నిలిచారు. ఊరు వదిలి పోవాల్సింది మేం కాదు, సారా అంగడే అన్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చి, 1997లో ఎత్తేశారు. చట్టం పోయింది కానీ ఆ రాత్రుల్లో ఒక గుడిసెలో కేక వినపడితే పది గుడిసెల ఆడవాళ్లు లేచి వచ్చిన అనుభవం పోలేదు. పోయే చోటు లేనివాళ్లు ఉన్న చోటునే ఆశ్రయంగా మార్చుకున్నారు.

2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం ఈ రెండు దారులనూ గుర్తించింది. ఆరో సెక్షన్ ప్రకారం బాధితురాలు అడిగితే ఆశ్రయ గృహం చోటివ్వాలి. పదిహేడో సెక్షన్ ప్రకారం ఇల్లు ఎవరి పేర ఉన్నా, తను కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. మొదటిది గంజ్ పేట దారి, రెండోది దూబగుంట దారి. అయితే సెక్షన్ కాగితం మీదే ఉంటుంది. ఆ రాత్రి తలుపు తట్టేది, ఆటో కట్టేది, స్టేషన్ దాకా తోడు వచ్చేది మనుషులే.

6. శాలువా చాలదు

ఆశ్రయ గృహాలకు సాయపడినవాళ్లకు సన్మానం చేసే ఆనవాయితీ ఉంది. మంచిదే. కానీ వేదిక ఎక్కేది ఎవరు? బియ్యం బస్తాలిచ్చిన దాత, రిబ్బను కత్తిరించిన అధికారి. వంట చేసే అక్క, రాత్రి కాపలా ఉండే తాత, మొగుడు వెతుక్కుంటూ వస్తే "ఇక్కడెవరూ లేరు పో" అని అబద్ధమాడిన ఎదురింటి అవ్వ వేదిక కింద కూడా కనిపించరు. వాళ్ల పేరు బయటపెడితే కొందరికి ప్రమాదం కూడా.

అందుకని నా సూచన ఇది. పేరు చెప్పుకోవడానికి ఒప్పుకున్నవాళ్ల పేరు, చేసిన పనితో సహా, తేదీ వేసి రాసిపెట్టండి. దాతల పేర్ల పక్కన కాదు, వాళ్ల కన్నా పైన. పేరు చెప్పలేనివాళ్ల పని మాత్రం రాయండి, వాళ్లెవరో రాయకండి. కూలికి పనిచేసేవాళ్లకు ముందు సరైన కూలి ఇవ్వండి, ఆ తర్వాత శాలువా కప్పండి. మన వాడలో మన మగవాడు కొడితే అడ్డం పడ్డ మనిషిని కులద్రోహి అనడం మానండి. ఆశ్రయ గృహంలో పళ్లాలు కులాన్ని బట్టి వేరవుతున్నాయా అని వెళ్లి చూడండి. వేరైతే అది ఆశ్రయం కాదు, ఇంకో ఇల్లే.

గంజ్ పేటలో 35 మంది తల్లుల గుట్టు దాచినవాళ్ల పేర్లు మనకు దొరకలేదు. వాళ్లు అంత బాగా పనిచేశారు. రేపటి చరిత్రలో మాత్రం వాళ్ల పనికి ఒక చోటుండాలి. ఆ చోటును ఇప్పుడే, మన ఊళ్లోనే రాసుకోవడం మొదలుపెడదాం.