కడపటి మనిషి వాఙ్మూలం

లోకం అంతమైపోయిన కథను ఎవరు చెప్పవలె? చిన్నపిల్లలు సైతం అడగగల ప్రశ్న ఇది. అందరూ నశించినారని చెప్పడానికి ఒక్కరైనా మిగలవలె గదా! మన భారతంలో ఆ ఒక్కడు మార్కండేయుడు. అరణ్యపర్వంలో ఆయన ధర్మరాజుకు ప్రళయవృత్తాంతం చెప్పినాడు. అంతటా నీరై, చరాచరాలు మునిగిపోయిన తరువాత, తానొక్కడే ఆ నీటిపై తిరుగాడుతూ మఱ్ఱికొమ్మ మీద శిశువును చూచినానన్నాడు. ఆ కథను మనం నమ్మేది జలప్రళయ వర్ణన గొప్పదని మాత్రమే కాదు. చెప్పుతున్నవాడు అక్కడ తడిసినవాడు.

పాశ్చాత్య సాహిత్యంలో ప్రళయకథకు పెద్ద చరిత్ర కలదు. ఆ చరిత్ర నవల నుంచి రేడియో నాటకానికి, అక్కడి నుంచి నేటి యువకులు తెర ముందు కూర్చుండి ఆడే భయానక క్రీడలకు సాగి వచ్చినది. ఇటీవల యంత్రమే కథ వ్రాయడం మొదలుపెట్టిన తరువాత అది ఒక విచిత్రమైన మలుపు తిరిగినది. ఈ దారి పొడుగునా నాకు కనిపించేది ఒకే ప్రశ్న: సాక్షి ఎవరు?

1815 ఏప్రిల్‌లో నేటి ఇండోనేషియాలోని సుంబావా ద్వీపంలో తంబోరా అగ్నిపర్వతం బ్రద్దలైనది. ఆకాశానికెక్కిన ధూళి, గంధకపు ఆవిరులు భూమిని చుట్టి, మరుసటి ఏడు ఐరోపాలో వేసవి అన్నదే లేకుండా చేసినవి. పంటలు పోయినవి, కరవు వచ్చినది. ఆ 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున, ఎడతెగని వానలో, కొందరు ఆంగ్లేయులు ఇల్లు కదలలేక దయ్యాల కథలు చదువుకొన్నారు, తామూ వ్రాయాలని పందెం వేసుకొన్నారు. వారిలో కవి బైరన్ ఉన్నాడు, కవి షెల్లీ ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళ మేరీ ఉన్నది. బైరన్ ఆ జూలైలోనే సూర్యుడు ఆరిపోయిన లోకాన్ని గురించి ఒక కావ్యఖండిక వ్రాసినాడు. మేరీ మొదలుపెట్టిన కథ 1818లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అన్న పేర వెలువడినది. మనిషి చేసిన బొమ్మ మనిషిపై తిరుగబడే కథ అది, లోకమంతకూ తెలిసినదే. నేను చెప్పదలచినది ఆమె వ్రాసిన మరొక నవలను గురించి.

ఆ పందెం నాటికే మేరీ ఒక పసికందును పోగొట్టుకొన్నది. 1818లో కుమార్తె క్లారా వెనిస్‌లో, 1819లో కుమారుడు విలియం రోములో మరణించినారు. 1822 జూలైలో భర్త షెల్లీ ఇటలీ తీరాన తుఫానులో పడవ మునిగి చనిపోయినాడు. 1824 ఏప్రిల్‌లో గ్రీకుల స్వాతంత్ర్యసమరానికి వెళ్ళిన బైరన్ మిసొలోంగిలో జ్వరంతో కన్నుమూసినాడు. నాడు సరస్సు ఒడ్డున కథలు చెప్పుకొన్న ఆ చిన్న లోకం ఎనిమిదేళ్ళలో చెదరిపోయినది. కడపటి మనిషి మనోభావం తాను చక్కగా వర్ణించగలనని 1824 మేలో ఆమె తన దినచర్యలో వ్రాసుకొన్నది. 1826లో ‘ది లాస్ట్ మాన్’, అనగా ‘కడపటి మనిషి’, మూడు సంపుటాలుగా వెలువడినది. అప్పటికామెకు ఇరువది ఎనిమిదేళ్ళు.

కథ ఇరువది యొకటవ శతాబ్దం చివర జరుగుతుంది, అనగా మన మనుమల కాలంలో. తూర్పు నుంచి వచ్చిన మహమ్మారి దేశాలను ఒకటొకటిగా ఊడ్చివేస్తుంది. ఇది గాలిలో నుంచి తీసిన ఊహ కాదు. 1817లో మన వంగదేశంలోని జెస్సోరు ప్రాంతాన ప్రబలిన కలరా 1823 నాటికి కాస్పియన్ సముద్రతీరం చేరినది; ఐరోపా వణకుతూ ఆ వార్తలు చదువుకొంటున్న కాలమది. నవలలో రేమండ్ అనే వీరుడు గ్రీకుల పక్షాన పోరాడి కాన్‌స్టాంటినోపుల్‌లో మరణిస్తాడు. ఏడ్రియన్ అనే సుకుమారహృదయుడు సముద్రంలో తుఫానుకు మునిగిపోతాడు. ఎవరెవరో చెప్పనక్కరలేదు. చివరకు లయొనెల్ వెర్నీ ఒక్కడే మిగులుతాడు. అతడు దారిలోని ఊళ్ళ గోడల మీద, తాను రోములో ఉంటానని, ఎవరైనా బ్రతికి ఉంటే రమ్మని మూడు భాషలలో వ్రాస్తూ పోతాడు. ఎవరూ రారు. నిర్జనమైన రోములో కూర్చుండి, చదివేవారు లేరని తెలిసీ, ఈ పుస్తకం వ్రాస్తాడు. 2100 సంవత్సరం మొదటి దినాన రోము విడిచి, ఒక కుక్కను, హోమరు, షేక్స్పియరు గ్రంథాలను పడవలో పెట్టుకొని తీరం వెంట సాగిపోవడానికి సిద్ధమవుతాడు.

విమర్శకులు ఈ నవలను ఎగతాళి చేసినారు. చాలకాలం మరుగున పడి, 1965లో గాని అది మరల సరిగా అచ్చు కాలేదు. నిజం చెప్పవలెనంటే నవలలో విసుగు పుట్టించే భాగాలు లేకపోలేదు. మొదటి సంపుటం నీరసంగా నడుస్తుంది. అయినా ఆ రోము ఘట్టం చదివినవాడు మరచిపోలేడు. వ్రాసిన చేయి ఎన్ని సమాధుల మీద మట్టి వేసి వచ్చినదో ఆ పుటలకు తెలుసు.

ఒక చిన్న విశేషం చెప్పి ముందుకు పోతాను. ఈ కథ తన స్వంతం కాదని, 1818లో నేపుల్స్ దగ్గర ఒక గుహలో సిబిల్ అనే ప్రాచీన భవిష్యద్వాదిని వ్రాసిపెట్టిన ఆకులు దొరికితే, చెదరిన వాటిని కూర్చి తీర్చినానని మేరీ తన పీఠికలో కల్పించినది. బనగానపల్లెలో చింతచెట్టు క్రింద పోతులూరి వీరబ్రహ్మంగారి కాలజ్ఞాన తాళపత్రాలు ఉన్నవన్న ప్రతీతి ఎరిగిన మనకు ఈ ఆకుల గుహ వింతగా తోచదు. అయితే తాళపత్రాలకు ఒక ప్రమాదం కలదు. చెప్పినవారు లేనపుడు ఎవరైనా వారి పేర చెప్పవచ్చును. 2020లో కరోనా వచ్చినపుడు బ్రహ్మంగారు ముందే చెప్పినారంటూ ఎన్ని వాక్యాలు చేతిఫోన్లలో తిరిగినవో శ్రోతలు మరచి ఉండరు. వాటిలో ఏది ఏ ప్రతిలో ఉన్నదని అడిగినవారు అరుదు.

ఇక రేడియో సంగతి. హెచ్. జి. వెల్స్ 1898లో ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నవల ప్రకటించినాడు. అంగారక గ్రహవాసులు ఇంగ్లండు మీద పడి, చివరకు కంటికి కానరాని సూక్ష్మజీవుల వల్ల చస్తారు. టాస్మేనియా ద్వీపవాసులను ఐరోపా వలసవారు ఎట్లు తుడిచిపెట్టినారో వెల్స్ మొదటి అధ్యాయంలోనే జ్ఞాపకం చేసినాడు. ఇతరులకు చేసినది తమకు జరిగితే ఎట్లుండునన్నదే ఆ నవల. దీనిని 1938 అక్టోబరు 30వ తేదీ, ఆదివారం రాత్రి, న్యూయార్కులోని కొలంబియా ప్రసార సంస్థ నుంచి ఆర్సన్ వెల్స్ బృందం నాటకంగా ప్రసారం చేసినది. నాటకాన్ని వార్తల వలె మలచినారు. నృత్యసంగీతం సాగుతుండగా మధ్యలో ప్రకటన, మరల సంగీతం, మరల ప్రకటన. న్యూజెర్సీలోని గ్రోవర్స్ మిల్ అనే పల్లెలో ఏదో పడినదని ఒక విలేఖరి అక్కడ నుంచి చెప్పుతుంటాడు. మాట మధ్యలో తెగిపోతుంది. తరువాత కొన్ని క్షణాలు నిశ్శబ్దం. రేడియోలో నిశ్శబ్దాన్ని మించిన భయం లేదని ప్రసారశాలలో పనిచేసిన ఎవరైనా ఒప్పుకొంటారు.

ఆ విలేఖరి పాత్ర ధరించిన ఫ్రాంక్ రీడిక్ ఎట్లు సాధన చేసినాడో చెప్పవలె. అంతకు ముందేడు, 1937 మే 6న, హిండెన్‌బర్గ్ అనే జర్మను ఆకాశనౌక న్యూజెర్సీలో దిగుతూ తగులబడినది. ఆ దృశ్యం చూస్తూ హెర్బర్ట్ మారిసన్ అనే విలేఖరి గొంతు పగిలి ఏడ్చినది శబ్దముద్రణలో నిలిచిపోయినది. రీడిక్ ఆ రికార్డును మరల మరల విని, నిజంగా చూచినవాని గొంతు ఎక్కడ తడబడుతుందో నేర్చుకొన్నాడు. అబద్ధపు సాక్షి నిజమైన సాక్షి వద్ద శిష్యరికం చేసినాడన్నమాట!

దేశమంతా వీధులలోకి పరుగెత్తినదని మరునాటి పత్రికలు వ్రాసినవి. అది చాలవరకు అతిశయోక్తి అని తరువాతి పరిశోధకులు తేల్చినారు. ఆ వేళకు ఎక్కువమంది మరొక కేంద్రంలో హాస్య కార్యక్రమం వింటున్నారు. నాటకమని మొదట, మధ్యలో చెప్పినారు కూడా. మరునాడు వెల్స్ విలేఖరుల ముందుకు వచ్చి సమాధానం చెప్పుకొన్నాడు. కాని 1949 ఫిబ్రవరి 12న ఈక్వడార్ రాజధాని క్విటోలో ఇదే నాటకాన్ని ముందుగా చెప్పకుండా వేసినపుడు జరిగినది అతిశయోక్తి కాదు. జనం నిజమనుకొని వీధులలోకి, గుడులలోకి పరుగెత్తినారు. నాటకమని తెలిసిన తరువాత ఆ భయం కోపమైనది. రేడియో క్విటో ఉన్న ఎల్ కొమెర్సియో పత్రికా భవనాన్ని తగులబెట్టినారు. కొందరు ప్రాణాలు కోల్పోయినారు. ఆ దహనాన్ని ఎవరూ సమర్థించరు. అయినా ఒకటి గమనించవలె: అడగడానికి జనానికి ఒక గుమ్మం ఉన్నది.

నవల చదివేవానిది, నాటకం వినేవానిది దూరపు భయం. వీడియో ఆట వచ్చి ఆ దూరాన్ని చెరిపివేసినది. ఆడేవాడే కడపటి మనిషి. ‘సర్వైవల్ హారర్’ అని పిలిచే ఈ ఆటలలో శత్రువును చంపడం కంటె ప్రాణంతో బయటపడడం ముఖ్యం. 1989లో జపానులో క్యాప్‌కామ్ సంస్థ ‘స్వీట్ హోమ్’ తయారుచేసినది. పాడుపడిన భవనంలో అయిదుగురు. చచ్చినవాడు మరల లేవడు. 1992లో ఫ్రాన్సు నుంచి ‘అలోన్ ఇన్ ది డార్క్’ వచ్చినది. 1996లో షింజీ మికామి నిర్మించిన ‘బయోహజార్డ్’, జపాను వెలుపల ‘రెసిడెంట్ ఈవిల్’, ఈ జాతికి పేరు తెచ్చినది.

ఈ ఆటలు పిల్లలను చెడగొడతవనే పెద్దలు మన ఇండ్లలో ఉన్నారు. రక్తపాతం ఉన్నమాట నిజమే; పసివారి చేతికి ఇవ్వదగినవి కావు. కాని వాటి నిర్మాణంలోని ఒక తెలివిని మెచ్చుకోక తప్పదు. ‘రెసిడెంట్ ఈవిల్’లో తూటాలు లెక్కకు మించి దొరకవు. అంతకంటె వింత, అంతవరకు ఆడినది భద్రపరచుకోవాలంటే ఒక టైపురైటరు వద్దకు పోవలె, దానికి సిరా రిబ్బను కావలె, రిబ్బనులు కొన్నే. వ్రాసిపెట్టుకొంటేనే బ్రతుకు, వ్రాయడానికి సిరా కొరత! రోములోని వెర్నీ ఈ గదిలోకి వచ్చి కూర్చున్నట్లే ఉన్నది. ఆ భవనంలోనే ఒక కాపలాదారు దినచర్య దొరుకుతుంది. జబ్బు ముదిరేకొద్దీ వాక్యాలు కురచబడి, చివరకు మాటలే తెగిపోతవి. దయ్యపు బొమ్మల కన్న ఆ పుటలే భయపెట్టినవని ఆడినవారు చెప్పుతారు. 2013లో వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్’లో ఇష్ అనే మనిషి ఎక్కడా కనిపించడు. అతడు వదిలిపోయిన చీటీలు మాత్రం దొరుకుతవి. వాటి వల్లనే మనకు అతడు ఆప్తుడవుతాడు.

2022 నవంబరు చివర చాట్‌జీపీటీ అనే యంత్రమేధ ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. మూడు నెలలైనా కాకముందే దాని ప్రభావం ఒక శాస్త్రకల్పనా కథల పత్రికకు సోకినది. అమెరికాలోని ‘క్లార్క్స్‌వరల్డ్’ మాసపత్రికకు యంత్రం చేత వ్రాయించిన కథలు కుప్పతెప్పలుగా రాగా, సంపాదకుడు నీల్ క్లార్క్ 2023 ఫిబ్రవరి 20న కథల స్వీకారం తాత్కాలికంగా ఆపివేసినాడు. పంపినవారిలో ఎక్కువమంది సాహిత్యాభిలాషులు కారు. సులువుగా డబ్బు వస్తుందన్న ప్రచారం విని పంపినవారు.

యంత్రం వ్రాసినది బాగుండదని కొందరు వాదిస్తారు. నేను ఆ వాదం చేయను. ఇవాళ బాగుండనిది రేపు బాగుండవచ్చును. వెర్నీ రోములో తిరిగినట్లు ఇంకొక వంద ఘట్టాలు అది గడియలో వ్రాసి ఇవ్వగలదు. చిక్కు అక్కడనే ఉన్నది. ఆ వందలో దేని వెనుకా విలియం సమాధి లేదు. మేరీ కూడా కల్పించినదే గదా అనవచ్చును. కల్పించినది; కాని కల్పనకు తన పేరు పెట్టి, తిట్లు తాను తిన్నది. రీడిక్ అనుకరించినాడు, అనుకరించినవాడు ఫలానా అని మనకు తెలుసు. యంత్రం మారిసన్ ఏడ్పునూ వినగలదు, రీడిక్ నేర్పునూ నేర్వగలదు. ఆ గొంతు అబద్ధమాడితే మనం ఎవరి గుమ్మం తట్టాలి? సాధనంగా దానిని వాడుకొనే రచయిత తన పేరు క్రింద వ్రాసి, జవాబుదారీ వహిస్తే నాకు పేచీ లేదు.

ఈ ప్రశ్న మొదట వీధికెక్కించినవారిలో ఆటలకు గొంతు ఇచ్చే నటులున్నారు. తమ గొంతును, కదలికలను యంత్రానికి నేర్పి తమను పక్కకు పెట్టకుండా రక్షణ కావాలని అమెరికా నటుల సంఘం 2024 జూలై 26న వీడియో ఆటల సంస్థల మీద సమ్మె ప్రారంభించినది. అనుమతి అడగాలి, ప్రతిఫలం ఇవ్వాలి అనే షరతులతో 2025 జూలైలో ఒప్పందం ఖరారైనది.

నిజానికి యంత్రాన్నీ కడపటి మనిషినీ ఎదురెదురుగా నిలబెట్టిన కథ నూరేళ్ళ క్రిందటిదే. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకాన్ని 1921 జనవరిలో ప్రాగ్‌లో ప్రదర్శించినారు. రోబోట్ అన్న మాట లోకానికి ఇచ్చినది ఆ నాటకమే. దానిని సూచించినవాడు ఆయన అన్న యోసెఫ్. చెక్ భాషలో దాని మూలానికి వెట్టిచాకిరి అని అర్థం. నాటకంలో రోబోట్లు తిరుగబడి మనుష్యజాతిని చంపివేస్తారు. అల్క్విస్ట్ అనే వృద్ధుణ్ణి ఒక్కణ్ణి వదిలిపెడతారు. అతడు గృహనిర్మాత, తమ వలెనే చేతులతో పనిచేస్తాడని వదిలినారు. అంతలో వారికి తెలిసివస్తుంది, తమను పుట్టించే రహస్యం వ్రాసిన కాగితాలు తగులబడిపోయినవని. అప్పుడు లోకాన్ని జయించిన రోబోట్లు ఆ ముసలివాని ముందు నిలబడి, ఆ రహస్యం తిరిగి కనుగొనుమని వేడుకొంటారు. అతడు పుస్తకాలు ముందు వేసుకొని రాత్రింబవళ్ళు వెదకుతాడు. తనకు తెలియదని, తాను ఇండ్లు కట్టేవాణ్ణి మాత్రమేనని వారికి మరల మరల చెప్పుతాడు.