పుట్టుకతో చెడ్డవాళ్లుంటారా?

బొగ్గింజన్లు నడిచిన కాలంలో నెల్లూరు జిల్లా బిట్రగుంట లోకో షెడ్డుకు మంచి పేరుండేది. రైల్వే కాలనీలోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు క్రిస్మస్ జరుపుకునేవి. ఆ జిల్లాలోకి బాలయేసు కథ మరో దారిన, 1840లో నెల్లూరు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ వెంట కూడా వచ్చింది. ఈ రెండు దారుల్లోనూ మన తీరానికి రానివాడు క్రాంపస్. ఆస్ట్రియా కొండసీమల్లో డిసెంబర్ 5 రాత్రి సెయింట్ నికొలస్ వెంట తిరిగే కొమ్ముల దెయ్యమతను. మంచి పిల్లలకు నికొలస్ కానుకలిస్తాడు, చెడ్డ పిల్లల్ని క్రాంపస్ బుట్టలో వేసుకుపోతాడు. ఇటీవలి కామిక్స్ ఆ దెయ్యాన్ని మళ్లీ పండగలోకి తెచ్చాయి. పండగ పరువు తీస్తున్నాయని వాటి మీద నింద. నిజానికి పండగ మాటున అణిగిపోయిన ఒక ప్రశ్నను అవి బయటికి లాగాయి. మంచివాళ్లెవరో చెడ్డవాళ్లెవరో చిట్టా రాసే అధికారం ఎవరిది?

పవిత్రమైన కథను చీకటి చేశారనడం చరిత్రకు నిలవదు. మత్తయి సువార్తలో యేసు పుట్టిన వెంటనే హేరోదు బేత్లెహేము పసివాళ్లను చంపిస్తాడు. ముగ్గురు పిల్లల్ని కసాయివాడు నరికి ఉప్పునీళ్లలో ఊరబెడితే నికొలస్ బతికించాడన్నది మధ్యయుగపు కథ. క్రిస్మస్ తాతకు రూపురేఖలు దిద్దినవాళ్లలో ముఖ్యుడు థామస్ నాస్ట్. అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా 1863 జనవరిలో ఆయన గీసిన తాత సైనిక శిబిరంలో కూర్చుని, శత్రుపక్ష నాయకుడు జెఫర్సన్ డేవిస్ బొమ్మను మెడకు తాడు కట్టి ఆడిస్తుంటాడు. చీకటి ఈ కథల్లో ముందునుంచీ ఉన్నదే.

పిల్లల మనసులు పాడవుతాయన్నది గట్టి అభ్యంతరం. 1953 డిసెంబరులో 'పానిక్' అనే కామిక్ ఒక పాత క్రిస్మస్ పద్యాన్ని వెక్కిరించినందుకు అమెరికాలోని మసాచుసెట్స్ దాని అమ్మకాన్ని అడ్డుకుంది. అదే మసాచుసెట్స్ 1659లో అసలు క్రిస్మస్ జరుపుకుంటేనే ఐదు షిల్లింగుల జరిమానా వేసింది! 1954లో వచ్చిన కామిక్స్ కోడ్ అనే నియమావళి భయానక కథల గొంతు నొక్కింది. మనవైపు మాత్రం చందమామలో శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి శంకర్ గీస్తే, తరాల పిల్లలు ఆ బొమ్మ చూసి కథ చివరి చిక్కుప్రశ్న కోసం ఎదురుచూశారు. భయం వెనక ఆలోచన ఉంటే పిల్లలు తట్టుకోగలరు.

హెల్‌బాయ్ కామిక్ కథల్లో ఆ ఆలోచన ఉంది. మైక్ మిగ్నోలా సృష్టించిన ఈ నరకపు బిడ్డ 1944 డిసెంబర్ 23న, క్రిస్మస్ రెండు రోజులుందనగా, ఇంగ్లండులో ఒక పాడుబడ్డ చర్చిలో ప్రత్యక్షమవుతాడు. లోకనాశనమే అతని జాతకం. ఒక ప్రొఫెసర్ పెంపకంలో పెరిగి, కొమ్ములు అరగదీసుకుని, మనుషుల పక్షాన నిలుస్తాడు. 2017లో అతణ్ణి క్రాంపస్‌కు ఎదురు నిలిపిన 'క్రాంపస్‌నాక్ట్'కు మరుసటి ఏడాది కామిక్స్‌కిచ్చే ఐస్నర్ అవార్డు వచ్చింది. అందులో ఇద్దరూ కొమ్ముల జాతివాళ్లే. పుట్టుకను బట్టి మంచిచెడ్డలు తేల్చే చిట్టా అక్కడ ఎందుకూ కొరగాదు.

ఇదంతా విదేశీ ముచ్చట అనేవాళ్లు బిట్రగుంటకు ఉత్తరాన కొద్ది స్టేషన్ల దూరంలోని కావలి వైపు చూడాలి. ఉత్తర భారతంలో 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వర్తించింది. ఒక మనిషి ఏం చేశాడని అడగకుండా, కులాలకు కులాల్నే పుట్టుదొంగలుగా రిజిస్టరుకెక్కించే వీలు కల్పించింది. 1910ల్లో కావలిలో అలా రిజిస్టరుకెక్కిన ఎరుకల కుటుంబాల కోసం పెట్టిన సెటిల్‌మెంటును నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషనే. దొర కథల దెయ్యాన్ని నిజమైన మనుషుల బాధ పక్కన పెట్టడం తేలికతనం కాదా అనవచ్చు. మిషన్ చదువూ పనీ నేర్పిందని కూడా అనవచ్చు, అదీ నిజమే. కానీ దయతో నేర్పిన చదువు అక్కడివాళ్ల హాజరు పట్టీని చెరిపేయలేదు. అనుమతి లేకుండా కదలకూడదన్న షరతునూ తీసేయలేదు. చిట్టా రాసేవాడు మంచివాడైనంత మాత్రాన చిట్టా న్యాయమైనదైపోదు. చట్టం 1952లో దేశమంతటా రద్దయినా ఆ కులాల మీద అనుమానం పోలేదు. క్రిస్మస్ తాతను మాత్రమే చూపించే కథ ఆ చిట్టాను ప్రశ్నించదు. కొమ్ములవాణ్ణి కథానాయకుణ్ణి చేసిన కామిక్ ప్రశ్నిస్తుంది. ఈ కథల్ని పిల్లలకు అందకుండా దాచేకంటే, వాళ్లతో కలిసి చదివి ఆ ప్రశ్నకు జవాబు వెతకడం పెద్దలకు మేలు.