గింకో ఆకుకు జ్ఞాపకశక్తి పేరు ఎలా వచ్చింది?

మందుల షాపులో గింకో బైలోబా డబ్బా మీద విసనకర్రలాంటి ఆకు బొమ్మ కనిపిస్తుంది. వేల ఏళ్ల చైనా వైద్యమన్న మాటా వెంటే వినిపిస్తుంది. చెట్టు పురాతనమే. దాని వంశం డైనోసార్ల కాలం నాటిది. కానీ మతిమరుపుకు ఆ ఆకు వాడడం మాత్రం నిన్నమొన్నటి సంగతి.

చైనా వైద్యులు దగ్గుకూ ఆయాసానికీ వాడింది ఎక్కువగా గింజల్నే. 1690లో డచ్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా నాగసాకి చేరిన జర్మన్ ఎంగెల్‌బర్ట్ కెంఫర్ ఈ చెట్టును చూశాడు. 1712లో అచ్చయిన తన పుస్తకంలో ఐరోపాకు దాన్ని పరిచయం చేశాడు. తర్వాత రెండున్నర శతాబ్దాలు అది అక్కడ తోటలకు అందమే, మందు కాదు.

1945 ఆగస్టు 6న అణుబాంబుకు హిరోషిమాలోని హోసెన్‌బో ఆలయం కూలిపోయింది. బాంబు పేలిన చోటికి కిలోమీటరు పైచిలుకు దూరమే. ఆవరణలోని గింకో మాత్రం మళ్లీ చిగురించింది. గుడి తిరిగి కట్టినవాళ్లు ఆ చెట్టును కొట్టెయ్యలేదు, మెట్లనే దాని చుట్టూ మలిచారు. అలాంటి చెట్టు ఆకులో ఏదో మహిమ ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది.

ఆకును మందుగా మార్చింది జర్మనీలోని విల్మార్ ష్వాబే కంపెనీ. 1965లో టెబోనిన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. ఎండుటాకు నుంచి అసిటోన్, నీళ్ల మిశ్రమంతో సారం తీస్తారు. ఒంటికి పడని గింకోలిక్ ఆమ్లాలను వేరుచేస్తారు. దాదాపు 50 కిలోల ఎండుటాకుకు దక్కేది కిలో సారం. అంటే ఇది పెరటి కషాయం కాదు, ఫ్యాక్టరీ సరుకు. మొదట రక్తప్రసరణకని ఇచ్చారు. జ్ఞాపకశక్తి పేరు తర్వాత అంటుకుంది. 1994లో అమెరికా చట్టం మారి, సప్లిమెంట్లు పనిచేస్తాయని ముందే రుజువు చూపక్కర్లేకుండా పోయాక అక్కడి దుకాణాలు గింకో డబ్బాలతో నిండాయి.

రుజువు అడిగింది అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థలే. 2000లో మొదలైన పరీక్షలో 75 ఏళ్లు, ఆపై వయసున్న 3,069 మంది చేరారు. సగం మందికి రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల గింకో, మిగతావారికి అచ్చం అలాంటిదే ఉత్తుత్తి మాత్ర. ఎవరికి ఏది అందుతోందో వారికీ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. 2008లో లెక్క తేలింది. డిమెన్షియా వచ్చినవారు ఉత్తుత్తి మాత్రల వారిలో 246 మంది, గింకో వారిలో 277 మంది. మతిమరుపును ఆ ఆకు ఆపలేదు. ఆ వయసులో ఏళ్ల తరబడి మాత్రలు మింగుతూ, పరీక్షలకు వచ్చి కూర్చున్న ఆ పెద్దలకు ఎంత రుణపడినా తక్కువే.

ఇప్పటికే స్వల్ప డిమెన్షియా ఉన్నవారికి రోజుకు 240 మిల్లీగ్రాముల సారాన్ని ఐరోపా మందుల సంస్థ ఇంకా అంగీకరిస్తోంది. రాకుండా ఆపడం వేరు, వచ్చినవారికి కాస్త ఊరట వేరు. ఆ రెండో విషయంలో వాదన ఇంకా తెగలేదు. ఇంట్లో గుండెజబ్బుకు ఆస్పిరిన్, వార్ఫరిన్ లాంటివి వాడే పెద్దలుంటే మాత్రం గింకో డబ్బా తెరవకముందే డాక్టరుకు చెప్పాలి. రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది.