రెండు రిజిస్టర్ల మధ్య జహీరాబాద్ క్రైస్తవులు

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవ్యం ప్రధానంగా మాల, మాదిగ వాడల్లో వేళ్లూనుకుంది. ఇక్కడ క్రైస్తవులకు అన్యాయం జరుగుతోందా అని అడిగితే, మతం ఒక్కటే చూసి జవాబు చెప్పడం కుదరదు. పండుగ సెలవులు, ప్రార్థన మందిరాలు, మిషన్ బడుల వైపు నుంచి చూస్తే ఒక లెక్క తేలుతుంది. తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చే కులం సర్టిఫికెట్ వైపు నుంచి చూస్తే ఇంకో లెక్క తేలుతుంది. నూరేళ్లు దాటిన ఈ చరిత్రలో బరువైనది రెండోదే.

జహీరాబాద్ హైదరాబాద్ నుంచి ముంబై వైపు పోయే దారిలో, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న పట్టణం. 2011 జనగణనలో దాని జనాభా 71,166. నిజాం పాలనలో ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బీదర్ నుంచి విడిపోయి మెదక్ జిల్లాలో చేరింది; 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపించే ఈ బజారులో ముస్లింల సంఖ్య పెద్దది. క్రైస్తవులు మాత్రం పట్టణంలోకన్నా ఊళ్లలోనే ఎక్కువగా కనిపిస్తారు.

ఈ ప్రాంతానికి సువార్త రెండు దారుల్లో వచ్చింది, రెండూ మెథడిస్టు దారులే. తూర్పున మెదక్ వైపు బ్రిటిష్ వెస్లియన్ మిషన్ పనిచేసింది. 19వ శతాబ్దం చివర మెదక్ చేరిన చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ కట్టించిన పెద్ద చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. వికారాబాద్, బీదర్ వైపు అమెరికన్ మెథడిస్టులు పనిచేశారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వెస్లియన్లు అందులో కలిశారు. అమెరికన్ మెథడిస్టు సంఘాలు విడిగానే ఉండిపోయి 1981లో మెథడిస్టు చర్చి ఇన్ ఇండియాగా ఏర్పడ్డాయి. వికారాబాద్ దగ్గరి ధారూర్‌లో ఏటా నవంబరులో జరిగే మెథడిస్టు జాతర ఆ సంఘాలన్నిటికీ ఉమ్మడి పండుగ. చెట్ల కింద డేరాలు వేసుకుని, వండుకుని, భజనలు చేస్తూ గడిపే ఆ రోజులను చూస్తే విదేశీ మిషన్ నాటిన మొక్క తెలంగాణ మట్టిని ఎంతగా పట్టుకుందో తెలుస్తుంది.

వాడలకు వాడలు బాప్తిస్మం తీసుకోవడానికి భక్తి ఒక్కటే కారణమని చెప్పలేం. జాగీర్దార్ల కాలంలో మాల, మాదిగల పని వెట్టి పనే. దొర ఇంటికి కట్టెలు మోయాలి, ఊరి కబురు పక్క ఊరికి చేర్చాలి, చచ్చిన పశువును లాక్కెళ్లాలి, జాతరలో డప్పు కొట్టాలి. ఈ ప్రాంతంలో బేగరి అనే ఇంటిపేరు ఇప్పటికీ తరచు వినిపిస్తుంది. బేగరి అంటే వెట్టి చేసేవాడు; ఆ చాకిరీయే ఇంటిపేరుగా నిలిచిపోయింది. పాస్టరు వచ్చి కూర్చోబెట్టి మాట్లాడాడు, పిల్లలకు పలక ఇచ్చాడు, జ్వరం వస్తే మందు ఇచ్చాడు, అవసరమైతే పోలీసు అమీను దగ్గరికి వెంట వెళ్లాడు. ఊరిలో మరెవరూ చేయని పనులివి. బదులుగా మిషన్ కొన్ని షరతులు పెట్టింది: చచ్చిన గొడ్డు మాంసం మానాలి, దేవతల కొలుపుల్లో డప్పు కొట్టకూడదు, ఆదివారం పనికి పోకూడదు. ఈ షరతుల్లో ప్రతి ఒక్కటీ ఊరితో తగువు తెచ్చేదే. డప్పు మానితే పంట కళ్లంలో దక్కే మేర పోయే ప్రమాదం ఉండేది. క్రైస్తవుడి మీద ఊరికి వచ్చిన మొదటి కోపం యేసు మీద కోపం కాదు, ఉచితంగా దొరికే చాకిరీ పోతోందన్న కోపం.

అయినా ఊరి నుంచి వాడ పూర్తిగా విడిపోలేదు. పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ మెదక్ జిల్లా పల్లె సంఘాల మీద చేసిన అధ్యయనం 1968లో పుస్తకంగా వచ్చింది. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు గ్రామదేవతల పండుగల్లోనూ పాలుపంచుకుంటున్న తీరును అది వివరంగా నమోదు చేసింది. కార్మన్, చిలుకూరి వసంతరావు కలిసి యాభై ఏళ్ల మార్పును చూస్తూ 2014లో మరో పుస్తకం తెచ్చారు. పాత మిషన్ సంఘాలు కుంగిపోవడం, స్వతంత్ర ప్రార్థన మందిరాలు పుట్టుకురావడం అందులోని ముఖ్య విషయాలు. పాత సంఘాలు కుంగడానికి కారణాలు అనేకం. వాటిలో ఒకటి సర్కారు కాగితంలో ఉంది.

ఆ కాగితం పేరు రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి దాన్ని జారీ చేశారు. అందులోని మూడో పేరా మొదటి రూపం ప్రకారం హిందూ మతం కాక వేరే మతం పాటించేవారిని షెడ్యూల్డు కులస్తులుగా పరిగణించరు. బ్రిటిష్ ఇండియాలో 1936 ఉత్తర్వు కూడా క్రైస్తవులను ఇలాగే పక్కన పెట్టింది. నిజాం రాజ్యం దాని పరిధిలో లేదు కాబట్టి జహీరాబాద్ వాడలకు ఈ గీత మొదట తగిలింది 1950లోనే. అప్పటికి రాజ్యాంగ సభలో క్రైస్తవ ప్రతినిధులు తమ మతానికి ప్రత్యేక సీట్లు అక్కర్లేదని ఒప్పుకున్నారు. సభ ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ ఆ వైఖరికి పెద్ద దిక్కు. చదువుకున్న నగర క్రైస్తవుల నోట అది గౌరవమైన మాటే. బేగరి ఇంటివాళ్ల సంగతి ఆ మాటల్లో ఎక్కడా లేదు.

మూడో పేరా ఆ తరువాత రెండుసార్లు మారింది. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మిగిలిపోయినవారు క్రైస్తవులు, ముస్లింలు. షెడ్యూల్డు తెగలకు ఇలాంటి మత నిబంధన ఏదీ లేదు. ఈ తేడా జహీరాబాద్ పరిసరాల్లో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. మొగుడంపల్లి వైపు తండాల్లోని లంబాడీ యేసును నమ్ముకున్నా ఎస్టీగానే ఉంటాడు. పక్క ఊరి మాదిగ అదే పని చేసి, ఆ సంగతి కాగితం మీద రాస్తే, ఎస్సీ కాకుండా పోతాడు. ఒకే ప్రార్థన, ఒకే పాస్టరు, ఫలితాలు మాత్రం రెండు.

రాష్ట్ర ప్రభుత్వం నష్టాన్ని కొంత పూడ్చాలని చూసింది. 1970లో అనంతరామన్ కమిషన్ సిఫారసుల మీద వచ్చిన వెనుకబడిన తరగతుల జాబితాలో, క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవారిని, వారి సంతానాన్ని బీసీ-సీ గ్రూపుగా చేర్చి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఎస్సీ కోటా 15 శాతం. 1977 ఆగస్టు 30న జీవో 341 ద్వారా చట్టంతో ముడిపడని రాయితీలను మతం మారిన ఎస్సీలకూ వర్తింపజేశారు. చట్టంతో ముడిపడినవి, అంటే ఎస్సీ కోటా ఉద్యోగం, రిజర్వుడు సీటులో పోటీ, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ, దీనివల్ల దక్కలేదు.

1 శాతానికీ 15 శాతానికీ మధ్య ఉన్న ఈ దూరంలోంచి రెండు రిజిస్టర్ల బతుకు పుట్టింది. చర్చి రిజిస్టరులో యేసుదాసు, రూతమ్మ అని ఉన్నవాళ్లు బడి రిజిస్టరులో ఎల్లయ్య, నర్సమ్మ అవుతారు. ఒకటో తరగతిలో చేర్చే రోజు పంతులు రాసిన ‘హిందూ, మాదిగ’ అన్న రెండు మాటలే పదో తరగతి మెమో దాకా, ఆ తరువాత మీసేవ దరఖాస్తు దాకా నడిచి వస్తాయి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే విచారణ మొదలవుతుంది. గోడ మీద ఏ పటం ఉంది, పెళ్లి ఎవరు చేశారు, తాతను ఏ శ్మశానంలో పాతిపెట్టారు అన్నవి సాక్ష్యాలవుతాయి. 1993 నాటి కుల ధ్రువీకరణ చట్టం కింద తప్పుడు సర్టిఫికెట్‌ను కలెక్టరు రద్దు చేయవచ్చు. తీసుకున్నవాడికి జైలు శిక్ష కూడా పడవచ్చు. ఈ భయం ఉన్న ఇంట్లో బైబిలు బీరువాలోకి వెళ్లడంలో వింత లేదు. దాచుకున్నవాడిని మోసగాడనడం తేలిక. దాచుకోక తప్పని స్థితి ఎవరు తెచ్చారన్న ప్రశ్న మాత్రం ఎప్పుడోగాని వినిపించదు.

జనగణన అంకెల్లోనూ ఆ జాడ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో 4.19 శాతం. 1981లో 2.68, 1991లో 1.83, 2001లో 1.55 శాతానికి దిగారు. ఈ కాలంలోనే ఊరూరా కొత్త ప్రార్థన మందిరాలు లేచాయి. మందిరాలు పెరుగుతూ క్రైస్తవులు తరగడం లోకంలో సాధారణంగా జరిగే పని కాదు. తెలుగు నేల మీద జరిగింది, ఎందుకంటే ఎన్యూమరేటరు ముందు చెప్పే జవాబుకు పిల్లల సీటుతో ముడి ఉంది.

కోర్టులు ఈ చిక్కును పలుమార్లు పట్టుకున్నాయి. 1976లో గుంటూరు వైద్య కళాశాల కేసులో సుప్రీంకోర్టు, మతం మారిన తల్లిదండ్రుల కొడుకు తిరిగి హిందువైతే, కులం అతన్ని ఆమోదిస్తే ఎస్సీ అవుతాడని తేల్చింది. 1985లో సూసై కేసులో మద్రాసు చెప్పులు కుట్టే కార్మికుడొకరు మూడో పేరానే సవాలు చేశారు. కొత్త మతంలోనూ కులబాధ అంతే తీవ్రంగా ఉందని ఆధారాలు చూపలేదంటూ కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. ఆ ఆధారాల కొరత తరువాత కొంత తీరింది. 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరాను పూర్తిగా తొలగించాలని సిఫారసు చేసింది. సభ్య కార్యదర్శి ఆశాదాస్ విభేదించారు. 2008లో జాతీయ మైనారిటీ కమిషన్ కోసం సతీశ్ దేశ్‌పాండే బృందం చేసిన పరిశీలన, దళిత క్రైస్తవుల స్థితి తక్కిన దళితుల స్థితికి పెద్ద తేడాగా లేదని చూపింది.

ఎదుటి వాదంలోనూ పస ఉంది. క్రైస్తవంలో కులం లేదని చెప్పి బాప్తిస్మం ఇచ్చి, ఇప్పుడు కులం పేరుతో కోటా అడగడం ఏమిటని కొందరంటారు. మిషన్ చదువులు అందినవారు చేరితే అసలే చాలని 15 శాతంలో తమ వాటా తగ్గుతుందని హిందూ దళిత సంఘాల్లో కొన్ని భయపడతాయి. రెండో భయం నిజమైనదే. మొదటి వాదం మాత్రం సంఘాల లోపలికి చూస్తే నిలవదు. మాల, మాదిగ తగువు చర్చి కమిటీలకూ బిషప్ ఎన్నికలకూ పాకింది. పెళ్లి సంబంధం దగ్గర బాప్తిస్మం కన్నా కులమే ముందు గుర్తుకొస్తుంది. కులం చర్చి గడప దాటి లోపలికి వచ్చిందన్న నింద సంఘ పెద్దల మీద న్యాయంగానే పడాలి. ఆ నింద ఎంత నిజమైతే, కులం లేదు కనుక రక్షణ వద్దన్న వాదం అంత బలహీనపడుతుంది.

తక్కిన లెక్క కూడా చెప్పాలి. తెలంగాణలో క్రిస్మస్‌తోపాటు మరుసటి రోజూ సెలవే. ప్రభుత్వమే క్రిస్మస్ విందులు పెడుతుంది, బట్టలు కూడా పంచింది. క్రైస్తవ మైనారిటీలకు ప్రత్యేక ఆర్థిక సంస్థ ఉంది. మతమార్పిడి నిరోధక చట్టం ఇక్కడ లేదు. సరిహద్దు దాటి బీదర్‌లో అడుగుపెడితే సంగతి వేరు; కర్ణాటక 2022లో అలాంటి చట్టం చేసింది, మరుసటి ఏడాది దాన్ని రద్దు చేయాలని అక్కడి కొత్త మంత్రివర్గం నిర్ణయించింది. 2008లో ఒడిశాలోని కంధమాల్ చూసిన మారణహోమం వంటిది ఈ జిల్లా చరిత్రలో లేదు. అలాగని దాడులే లేవనలేం. 2024 ఫిబ్రవరిలో రంగారెడ్డి జిల్లా జన్వాడలో రోడ్డు వెడల్పు దగ్గర మొదలైన వివాదం మెథడిస్టు చర్చి మీద దాడి దాకా పోయింది. దళిత క్రైస్తవులు గాయపడ్డారు, పోలీసులు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా కేసు పెట్టారు.

ఆ చట్టం ఎంత దూరం వెంట వస్తుందన్నది ఇప్పుడు పెద్ద ప్రశ్న. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం స్వీకరించి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ సర్టిఫికెట్ చేతిలో ఉన్నా ఆ చట్టం రక్షణ కోరలేడని తీర్పు చెప్పింది. అంతకు ఐదు నెలల ముందు, 2024 నవంబరులో, సుప్రీంకోర్టు సెల్వరాణి కేసులో చర్చికి వెళుతూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడాన్ని రాజ్యాంగం మీద మోసంగా పేర్కొంది. ఈ వరసలో చూస్తే, కులం పేరుతో తిట్టేవాడికి ఎదుటివాడి బాప్తిస్మం అడ్డు రాదు. కేసు పెట్టేవాడికి మాత్రం అదే అడ్డొస్తుంది.

జహీరాబాద్‌కు ఇది దూరపు సంగతి కాదు. 2008 పునర్విభజన తరువాత జహీరాబాద్ శాసనసభ స్థానం ఎస్సీలకు రిజర్వు అయింది. 2009 నుంచి ఎన్నికలన్నీ అలాగే జరుగుతున్నాయి. మాదిగవాడలో పుట్టి, క్రైస్తవుడినని నిజాయితీగా రాసుకున్న మనిషి తన సొంత ఊరి సీటుకు నామినేషన్ వేయలేడు. ఊళ్లో ఎస్సీ రిజర్వుడు సర్పంచి పదవికీ అంతే.

దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని ఉమ్మడి రాష్ట్ర శాసనసభ 2009లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానాలు చేశాయి. 2004లో సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ ఏళ్ల తరబడి నలుగుతూ వచ్చింది. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్ వేసి రెండేళ్ల గడువిచ్చింది, తరువాత పొడిగించింది. మూడో పేరా మార్చడానికి రాజ్యాంగ సవరణ అవసరం లేదు. 341వ అధికరణం ప్రకారం పార్లమెంటు మామూలు చట్టం చాలు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో చేసింది అదే.